ఓపెన్ టాప్ బండి: జనవరి నుంచి ఆగస్టు దాకా

జనవరి 2025

మూడేళ్ల జీతంలోంచి కూడబెట్టింది 13 లక్షలు. మియాపూర్‌లో అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాను కాబట్టి అద్దె లేదు, లేకపోతే ఈ అంకె దరిదాపుల్లోకి వచ్చేవాణ్ణి కాదు. వయసు 25. లైసెన్సు వచ్చి ఆరేళ్లు, ఇన్నాళ్లూ నడిపింది నాన్న ఆల్టోనే. ఇంటర్ చదివేటప్పుడు ఒక సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీద టాపు తీసిన ఎర్ర కారొకటి మా బస్సు పక్కనుంచి వెళ్లింది. అప్పటినుంచీ రెండు సీట్ల ఓపెన్ టాప్ బండి మీదే ప్రాణం.

అందరిలాగే నేనూ మొదట మాజ్దా ఎంఎక్స్-5 మీద మనసు పడ్డాను. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన బండి, 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. కానీ ఆ కంపెనీ మన దేశంలో కార్లు అమ్మనే లేదు. పాతది బయటినుంచి తెప్పించుకుందామంటే తయారై మూడేళ్లు దాటకూడదు, సుంకం బండి ధరనే మించిపోతుంది. ఆ ఆశ అక్కడే వదిలేశాను. ఇక్కడ అధికారికంగా అమ్మినవాటిలో బీఎండబ్ల్యూ జెడ్4, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, పోర్షా బాక్స్‌టర్ సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తాయి. నా డబ్బుకు అందేది రెండో తరం ఎస్‌ఎల్‌కే 200 కంప్రెసర్. 1796 సీసీ పెట్రోలు ఇంజన్, దాని మీద గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సూపర్‌చార్జర్. 2008 మార్పుల తర్వాత వచ్చినదైతే 184 హార్స్‌పవర్. టాపు గుడ్డ కాదు, గట్టి రేకు. 22 సెకన్లలో మడత పడి డిక్కీలోకి వెళ్లిపోతుంది. ఎస్‌ఎల్‌కే అంటే జర్మన్‌లో ‘స్పోర్టీ, తేలిక, పొట్టి’ అనే మూడు మాటల మొదటి అక్షరాలు.

15 ఏళ్లు దగ్గరపడిన బండికి లోను అడిగితే బ్యాంకులో తల అడ్డంగా ఊపారు. కాబట్టి మొత్తం చేతి డబ్బే. నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకటే రాసుకున్నాను: బండికి 10 లక్షల 75 వేలు దాటకూడదు, మిగతా 2 లక్షల 25 వేలు ముట్టకూడదు. ఆ రెండో ముక్క లేకుండా ఇలాంటి బండి జోలికి వెళ్లొద్దని నా వయసు వాళ్లందరికీ చెబుతాను.

నాన్న ఒకటే అడిగారు. “ముగ్గురం ఎక్కడ కూర్చోవాలిరా?”

ఫిబ్రవరి

నెల రోజుల్లో నాలుగు బండ్లు చూశాను.

మొదటిది ఢిల్లీది. అక్కడ 15 ఏళ్లు నిండిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఆ వయసుకు దగ్గరవుతున్నవి చవగ్గా వదిలించుకుంటారు. ఫోటోలో మెరిసిపోతోంది, ధర మనకంటే బాగా తక్కువ. కానీ బండి రాష్ట్రం దాటాలంటే అక్కడినుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ట్రక్కు మీద తెచ్చే ఖర్చు కలిపితే తేడా దాదాపు కరిగిపోయింది. పైగా కళ్లారా చూడకుండా కొనాలి. వద్దనుకున్నాను.

రెండోది జూబ్లీహిల్స్‌లో ఒక సెల్లార్‌లో మూడేళ్లుగా కవరు కప్పి ఉంది. మీటరు 19 వేల కిలోమీటర్లే. టెంప్ట్ అయ్యాను. టాపు స్విచ్ నొక్కితే డిక్కీ మూత లేచి, టాపు సగం పైకి వచ్చి, ఆకాశం వైపు చెయ్యెత్తినట్టు నిలబడిపోయింది. మళ్లీ చేత్తో దించడానికి ముగ్గురం పట్టాం. కదలకుండా పడున్న బండికి తక్కువ మీటరు ఏమీ గొప్ప కాదని అక్కడే అర్థమైంది. రబ్బర్లు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది.

మూడోది ఒక డీలరు దగ్గర. 42 వేల కిలోమీటర్లు తిరిగిందన్నాడు. అతను టీ తేవడానికి వెళ్లినప్పుడు గ్లవ్ బాక్స్ తెరిస్తే మాన్యువల్ పుస్తకం మధ్యలో నాలుగు మడతల సర్వీసు బిల్లు ఉంది. 2019 నాటిది. అందులో మీటరు 58,110. బిల్లు మళ్లీ అలాగే మడిచి పెట్టేసి, టీ తాగి వచ్చేశాను.

నాలుగోది సైనిక్‌పురిలో రిటైరైన ఒక పెద్దాయనది. 2010 డిసెంబరులో రిజిస్టరైంది, ఏపీ 09 నంబరు, 57,300 కిలోమీటర్లు, ఆయనే మొదటి ఓనరు. ప్రతి ఆదివారం పొద్దున కీసర దాకా వెళ్లొస్తారట. బిల్లులన్నీ ఏడాదివారీగా ఫైల్లో ఉన్నాయి. “తొందరేం లేదు బాబూ, మీ మెకానిక్‌ని తీసుకుని రా” అన్నారు. ఆ మాటకే సగం కొనేశాను.

మలక్‌పేటలో జర్మన్ బండ్లు చూసే భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన బానెట్ జోలికే పోలేదు. “ఇంజన్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు టాపు తెరిపించు” అన్నాడు. మూడుసార్లు తెరిపించి మూయించాడు: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట తిప్పి తెచ్చాక ఒకసారి, ఎండలో గంట నిలబెట్టి ఒకసారి. నన్ను స్టాప్‌వాచ్ పట్టుకోమన్నాడు. 22, 22, 24. ఆ తర్వాత డిక్కీలో పక్క లైనింగ్ కొంచెం తప్పించి, తెల్లటి టిష్యూ పేపరుతో, టాపును నూనె ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్ పైపుల అతుకులన్నీ తుడిచాడు. నూనె కారుతుంటే అక్కడే తెలుస్తుందట. పేపరు పొడిగానే వచ్చింది. కాళ్ల దగ్గర మ్యాటు తీసి కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కాడు, వాసన చూశాడు. తడి, బూజు వాసన రెండూ లేవు. నేను తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఈయన్ని వెంటబెట్టుకెళ్లడం మొదటిది.

ఇంజన్ స్కాన్‌లో బ్యాటరీ గురించి పాత లోపం కోడు ఒకటి తప్ప ఏమీ రాలేదు. టైర్లు మాత్రం దెబ్బకొట్టాయి. గాడులు కొత్త టైరంత లోతుగా ఉన్నాయి, కానీ పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 1816. అంటే 2016లో 18వ వారం తయారైనవి. గోరు గుచ్చితే దిగడం లేదు, ప్లాస్టిక్‌లా గట్టిపడ్డాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనే ఎవరైనా గాడులు కాదు, ఆ నాలుగంకెలు చూడాలి.

బేరంలో పనికొచ్చింది ఇంకొకటి ఉంది. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు మామూలు కారుకు 5 వేలు, దిగుమతి కారుకు 40 వేలు. ఇది పూర్తిగా దిగుమతైన బండి, డిసెంబరులో గడువు. గ్రీన్ ట్యాక్స్ అదనం. ఈ లెక్కా, టైర్ల లెక్కా కాగితం మీద రాసి పెద్దాయన ముందు పెట్టాను. 11 లక్షల 50 వేల దగ్గర మొదలై 10 లక్షల 75 వేలకు ఒప్పుకున్నారు.

మార్చి

బండి నా పేరు మీదికి మారడానికి ఫారం 29, ఫారం 30, ఆర్టీఏ ఆఫీసులో స్లాట్. బండి మీద లోనేమీ లేదు కాబట్టి, లోను తీరిందని చూపించే ఫారం 35 గొడవ రాలేదు. రెండు వారాల్లో కార్డు పోస్టులో వచ్చింది.

ఇన్సూరెన్స్ గురించి నేను చాలా భయపడ్డాను. విదేశాల్లో నా వయసువాడు స్పోర్ట్స్ కారు కొంటే ప్రీమియం బండి ధరంత అడుగుతారని చదివాను. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సైజును బట్టి ఉంటుంది: 1500 సీసీ దాటితే ఏడాదికి 7,897 రూపాయలు, జీఎస్‌టీ వేరు. నడిపేవాడికి 25 అయినా 60 అయినా అంతే. ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, ఎంతన్నది కంపెనీ, మనం మాట్లాడుకుని తేల్చుకోవాలి. మొదట 6 లక్షలన్నారు, బిల్లుల ఫైలు చూపించి 9 లక్షలకు తెచ్చాను. పెద్దాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు రాదు, అది మనిషితో పోతుంది, బండితో కాదు. పాలసీ మాత్రం 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

టైర్లు నాలుగూ మార్చాను. ముందువి, వెనకవి వేర్వేరు సైజులు (205/55 ఆర్16, 225/50 ఆర్16), కాబట్టి అటూ ఇటూ మార్చుకోవడం కుదరదు. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్టే.

మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి దగ్గర పూజ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, టాపు తీసి ఉన్న బండికి కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలా అని పంతులుగారు కాసేపు చుట్టూ తిరిగి చూశారు. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. మియాపూర్ దాకా చున్నీ తలకు చుట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు “రేపు మళ్లీ వెళ్దామా” అంది.

ఏప్రిల్, మే

హైదరాబాద్ ఎండలో పగలు టాపు తీయలేం. తొమ్మిదికే సీట్లు కాలిపోతాయి. నా టైము పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర: నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, గండిపేట వైపు దిగి, ఇంటికి. టాపు తీసేముందు డిక్కీలో అడ్డతెర లాగి కొక్కేనికి తగిలించాలి, లేకపోతే స్విచ్ పనిచేయదు. అది తెలియక మొదటి రోజు పావుగంట టెన్షన్ పడ్డాను. డిక్కీ మూత వెనక్కి లేస్తుంది కాబట్టి సెల్లార్‌లో గోడకు ఆనించి నిలబెట్టి తెరవకూడదు, పైన బీము ఉందేమో కూడా చూసుకోవాలి.

మా అపార్ట్‌మెంట్ ర్యాంపు చివర ముందు బంపరు కింద గీసుకునేది. ఏటవాలుగా, ఒక చక్రం తర్వాత ఒకటి ఎక్కిస్తే గీసుకోదు. వాచ్‌మన్ అన్నే ముందు నిలబడి చెయ్యూపుతూ నేర్పించాడు. స్పీడ్ బ్రేకర్లకీ అదే పద్ధతి.

ఊళ్లో లీటరుకు 8 కిలోమీటర్లు, ఔటర్ మీద 12. లీటరు 107 పైచిలుకు ఉన్న ఊళ్లో ఇది చిన్న సంగతేమీ కాదు, నెలకు 500 కిలోమీటర్లు దాటకుండా చూసుకుంటున్నాను. రోజూ ఆఫీసుకు మెట్రోనే.

జూన్

తొలి పెద్ద వాన పడిన మర్నాడు పక్క సీటు కింద కార్పెట్ పిండితే నీళ్లు. గుండె ఆగినంత పనైంది. టాపు కారిందనే అనుకున్నాను. రాత్రంతా రబ్బర్ల ధరలు చూస్తూ కూర్చున్నాను.

భాయ్ వచ్చి టాపు వైపు చూడనే లేదు. ముందద్దం కింద, వైపర్ల దగ్గర ప్లాస్టిక్ మూత తీశాడు. లోపల గాడిలో పిడికెడు వేపాకు, ఎండి పొడై, దుమ్ముతో కలిసి నల్లటి ముద్దయి ఉంది. నీళ్లు కిందికి పోయే రంధ్రాన్ని అది బిరడాలా మూసేసింది. నీళ్లు నిండి, గాలి లోపలికొచ్చే దారిలోంచి క్యాబిన్‌లోకి దిగాయి. మా వాచ్‌మన్ గది పక్కన వేపచెట్టు ఉంది, మార్చి నుంచి నేను దాని నీడలోనే పెడుతున్నాను, ఎండ తగలదని.

గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ మూరెడు తీసుకుని, మెల్లగా తిప్పుతూ దింపాడు. గాలి కొట్టొద్దన్నాడు, లోపల గొట్టం ఊడి వస్తుందట. తీగ నాలుగోసారికి కిందికి దిగి, మగ్గుతో పోసిన నీళ్లు బండి కింద బొటబొటా పడ్డాయి. ఆ చప్పుడు విన్నాక గాని నాకు ఊపిరి రాలేదు. సీటు విప్పి, కార్పెట్ రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాం. పుత్లీబౌలి నుంచి తెచ్చిన రబ్బరు గ్రీజు టాపు సీళ్లన్నిటికీ వేలితో రాశాను.

తడి రోడ్డు మీద ఇంకో సంగతి. ఆల్టోలో ముందు చక్రాలు లాగుతాయి, దీనిలో వెనక చక్రాలు తోస్తాయి. మలుపులో గబుక్కున యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం పక్కకు జరుగుతుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు త్రికోణం మిణుకుమంటుంది. బండి జారకుండా చూసే ఆ వ్యవస్థను ఆపేసే బటన్ నేను ముట్టుకోను.

ఆగస్టు

ఇప్పటిదాకా ఖర్చు: టైర్లు 44,000. ఇంజన్ ఆయిల్ ఐదున్నర లీటర్లు, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్, బెల్టు కలిపి 38,000. ఇన్సూరెన్స్ 31,000. బ్యాటరీ 12,500. టాపు హైడ్రాలిక్ ఆయిల్, సీళ్ల పని 9,000. కార్పెట్ పని 6,500. మొత్తం 1,41,000. పక్కన పెట్టిన దానిలో 84 వేలు మిగిలాయి, అందులో 40 వేలు డిసెంబరు రెన్యూవల్‌కి ముడుపు కట్టినట్టు కట్టాను.

పోయిన ఆదివారం నాన్నను అనంతగిరి కొండలకు తీసుకెళ్లాను. పొద్దున ఐదింటికి బయల్దేరాం, వాన లేదు, మబ్బు పట్టి ఉంది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు రెండువైపులా పాత మర్రిచెట్లు మొదలవుతాయి. అక్కడ పక్కకు ఆపి, స్విచ్ నాన్న చేత నొక్కించాను. 22 సెకన్లూ ఆయన వేలు తీయలేదు. చేవెళ్ల దాకా నలభైలోనే నడిపాను. ఆయన సీటు వెనక్కి వాల్చుకుని, పైన కొమ్మలు కలిసిన చోట్లల్లా కళ్లు తిప్పకుండా చూస్తున్నారు. ఒకచోట ఊడలనుంచి రెండు చుక్కల నీళ్లు ఆయన నుదుటి మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

వచ్చేటప్పుడు వికారాబాద్‌లో అమ్మకు సీతాఫలాలు కొనబోతే ఇంకా సీజన్ రాలేదన్నారు. మొక్కజొన్న కంకులు తీసుకున్నాం. టాపు డిక్కీలో ఉంది కాబట్టి సంచి నాన్న ఒళ్లోనే.

మీటరు 59,640. ఈ వారం పని: వైపర్ల కింద గాడి మళ్లీ శుభ్రం చేయాలి, ఎడమ తలుపు అద్దం దిగేటప్పుడు చేస్తున్న కిర్రుమనే చప్పుడు భాయ్‌కి చూపించాలి.