ఎర్ర గీతలు, మేడమ్‌ను అడిగిన సూది

మదనపల్లె దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. టీబీ ఉందో లేదో తేల్చడానికి 19 ఏళ్లుగా తెమడ స్లైడ్లు చూస్తున్నాను. టీబీని పట్టే ట్రూనాట్ మిషన్ వచ్చాక పని కొంత తేలికైంది గానీ, మందులు వాడుతున్నవాళ్లకు క్రిములు తగ్గాయో లేదో చూడాలంటే ఇప్పటికీ మైక్రోస్కోప్ ముందు కూర్చోవాల్సిందే. స్లైడ్ మీద ఎర్ర రంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపించి, యాసిడ్‌తో కడిగి, ఆపైన నీలం రంగు పోస్తాం. యాసిడ్‌తో కడిగితే మిగతావన్నీ రంగు వదిలేస్తాయి. టీబీ క్రిమి మాత్రం వదలదు. నీలం మీద సన్నగా, కొంచెం వంగిన ఎర్ర గీతల్లా కనిపిస్తుంది. ఇన్నేళ్లయినా ఆ గీత కనిపించగానే ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. ఆ స్లైడ్ వెనక ఒక ఇల్లు ఉంటుంది కదా.

పోయిన నెల అలాంటి ఒక ఇంటి నుంచి ఒకామె వచ్చింది. భర్తకు పాజిటివ్ అని తేలితే, ఇంట్లో వాళ్లందరినీ పరీక్షకు రమ్మన్నాం. చంకలో ఎనిమిది నెలల పాప. పాప ఎడమ భుజం మీద, టీబీ రాకుండా పుట్టగానే వేసే బీసీజీ టీకా మచ్చ. దాన్ని వేలితో చూపించి, "పాపకు పుట్టిన్నాడే సూది ఏసినారు గదా మేడమ్. నాకూ మా అత్తకూ అట్లాంటిదేమన్నా ఉంటే ఏయండి" అంది.

నా దగ్గర జవాబు లేక కాదు. జబ్బు లేదని తేలితే ఆమెకూ అత్తకూ వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే మాత్రలున్నాయి. పాపకు వేరే మందు. అదంతా చెప్పాను. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని కూడా చెప్పాను, ఎందుకంటే చాలామంది అక్కడే బెదిరి మానేస్తారు. కానీ ఆమె అడిగింది మాత్రల గురించి కాదు, సూది గురించి. ఆ సూది లేదు. పెద్దవాళ్లను ఊపిరితిత్తుల టీబీ నుంచి గట్టిగా కాపాడే టీకా ఈ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

బీసీజీ వచ్చి వందేళ్లు దాటింది. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఆవులకొచ్చే టీబీ క్రిమిని బంగాళాదుంప ముక్కల మీద 13 ఏళ్లపాటు పెంచారు. ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి, అలా 230 సార్లు మార్చి దాని కోర పీకారు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. పిల్లలకు మెదడులో వచ్చే టీబీని, ఒళ్లంతా పాకే టీబీని అది బాగా ఆపుతుంది. ఆ మచ్చను చిన్నచూపు చూడొద్దు. చిక్కంతా పెద్దయ్యాకే.

ఇందులో మా నేలకూ ఒక పాత్ర ఉంది. ఆరోగ్యవరం ఆసుపత్రిని మా వైపు వాళ్లు ఇప్పటికీ శానటోరియం అనే అంటారు. రకరకాల క్రైస్తవ మిషనరీ సంస్థలు డబ్బు కలిపి టీబీ రోగుల కోసం పెట్టిన ఆసుపత్రి అది, డెన్మార్క్‌కు చెందిన ఫ్రిమోట్-మోలర్ తండ్రీకొడుకులు దాన్ని నడిపారు. 1950ల్లో మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ ఎంత పనిచేస్తుందో చూశారు. ఆ ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. మా అవ్వకు ఆ రోజులు గుర్తుండేవి. చేతికి పరీక్ష సూది వేసి వెళ్లి, మూడోనాడు మళ్లీ వచ్చి వాపును స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నారని చెప్పేది. ఎందుకని అడిగితే, "ఏమో నాయనా, అందరూ చెయ్యి చాపితే నేనూ చాపినా" అనేది.

ఆ తర్వాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టులో ఇంతకంటే చాలా పెద్ద పరీక్ష మొదలైంది. సుమారు 2 లక్షల 60 వేల మంది. అక్కడ తేలిందేమిటంటే, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని బీసీజీ ఆపలేదు. ఇదే బీసీజీ ఇంగ్లండ్‌లో బడిపిల్లల్లో నూటికి 70కి పైగా రక్షణ ఇచ్చింది. ఒకే మందు, ఒకే క్రిమి. అక్కడ పనిచేసింది, ఇక్కడ చేయలేదు. మన మట్టిలో, నీళ్లలో ఉండే టీబీకి దాయాదుల్లాంటి క్రిములకు మన ఒళ్లు ముందే అలవాటు పడటం ఒక కారణం కావచ్చంటారు.

కొత్త టీకాల వార్త ఏది చూసినా నాకు ముందు చెంగల్పట్టే గుర్తొస్తుంది. ఒక దేశంలో నెగ్గిన టీకా ఇంకో దేశంలో నెగ్గుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఈ పని ఏ ఒక్క దేశం వల్లా అయ్యేది కాదు.

ఇప్పుడు కొత్త టీకాల్లో అన్నిటికంటే ముందున్నది ఎం72. క్రిమిలోని రెండు ప్రోటీన్లను కలిపి చేసింది. దాంతోపాటు శరీరాన్ని తట్టిలేపడానికి ఇంకో పదార్థం కలుపుతారు. అందులో ఒక భాగం చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి తీస్తారు. ఆ బెరడును నీళ్లలో రుద్దితే మన కుంకుడుకాయలా నురుగొస్తుంది. కుంకుడులో ఉండే సపోనిన్ల జాతిదే అది కూడా. ఈ సంగతి చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. దక్షిణాఫ్రికా, కెన్యా, జాంబియాల్లో అప్పటికే క్రిమి ఒంట్లో నిద్రపోతున్న సుమారు 3,500 మందిలో దీన్ని పరీక్షిస్తే, మూడేళ్లలో టీబీ రావడం దాదాపు సగానికి తగ్గింది. 2019లో ఆ ఫలితం వచ్చింది. 2024 మార్చిలో దక్షిణాఫ్రికాలో చివరి దశ పరీక్ష మొదలైంది. గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 55 కోట్ల డాలర్లు పెడుతున్నాయి. ఆఫ్రికా దేశాలతో పాటు ఇండోనేషియాలోనూ కలిపి సుమారు 20 వేల మంది చేరారు. నెల తేడాతో రెండు సూదులు. తమకు పడింది టీకానో, ఉప్పునీళ్లో వాళ్లకు తెలియదు. అయినా ఏళ్ల తరబడి వస్తూనే ఉండాలి. దగ్గు మొదలైతే తెమడ ఇవ్వాలి. ఆ తెమడను అక్కడ నాలాంటివాళ్లే చూస్తుంటారు.

ఆ పరీక్షలో మన దేశం లేదు. ప్రపంచంలో టీబీ వచ్చే ప్రతి నలుగురిలో ఒకరు మన దేశంవాళ్లే. ఇది నాకు నిజంగా బాధే. చెంగల్పట్టు అంత పెద్ద పాఠం చెప్పాక, ఆఫ్రికాలో పనిచేసింది గదా అని ఇక్కడ తెచ్చి వేసేయడం కుదరదు. మన పల్లెల్లో, మన మనుషుల్లో చూడాల్సిందే.

మన దగ్గర ఏమీ జరగడం లేదని కాదు. 2019లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రెండు టీకాలను రోగుల ఇళ్లలోని 12 వేల మందికి పైగా మనుషుల్లో పరీక్షించడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి జర్మనీలో పుట్టి పుణెలో తయారవుతున్నది. నా ఆశంతా మాత్రం ఎంటీబీవ్యాక్ మీద. స్పెయిన్‌లోని జరగోజా యూనివర్సిటీలో కార్లోస్ మార్టిన్ బృందం చేసింది. బీసీజీ ఆవు క్రిమి నుంచి వచ్చింది, ఇది మాత్రం మనిషికొచ్చే టీబీ క్రిమి నుంచే. జబ్బు తెప్పించే రెండు జన్యువులను తీసేసి దాన్ని సాధు చేశారు. స్పెయిన్ కంపెనీ బయోఫాబ్రి, మన హైదరాబాద్ భారత్ బయోటెక్ కలిసి 2024లో మన దేశంలో పెద్దవాళ్ల మీద పరీక్షలు మొదలుపెట్టాయి. అటు ఆఫ్రికాలో అప్పుడే పుట్టిన పిల్లల మీదా పరీక్ష నడుస్తోంది.

ఆ రోజు ఆమెకు ఇదంతా కిటికీ దగ్గర నిలబెట్టి చెప్పలేదు. "సూది తయారవుతోందమ్మా, ఇంకా రాలేదు. అందాకా మాత్రలు మానొద్దు" అన్నాను. "ఎక్కడ తయారవుతా ఉంది?" అంది. హైదరాబాద్‌లో కూడా అన్నాను. "కూడా అంటే?" అని మళ్లీ అడిగింది. అప్పుడు చెప్పాను, ఎక్కడో ఆఫ్రికాలో మీలాగే పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు ముందుకొచ్చి చెయ్యి చాపుతున్నారని. కాసేపు ఏమీ అనలేదు. పాప మచ్చను బొటనవేలితో నిమురుతూ నిలబడింది.

ఆమెకూ అత్తకూ ఇప్పటికి నాలుగు వారాల మాత్రలు అయ్యాయి. భర్త రెండు నెలల స్లైడ్ వచ్చే సోమవారం నా దగ్గరికి వస్తుంది. ఈసారి నీలం ఒక్కటే కనబడాలి.