మొన్ననే దివాలా ఉత్తర్వు వచ్చింది: నా ఐపీ అనుభవం

మొన్న సోమవారం కోర్టు నన్ను దివాలాదారుగా ప్రకటించింది. ఆ మాట విని హమ్మయ్య అనుకున్నాను. విజయవాడలో ‘ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు’ అంటే మనిషిని దొంగను చూసినట్టు చూస్తారు. ఆస్తులన్నీ బావమరుదుల పేర రాసేసి, జనం చిట్టీల డబ్బు మింగి, ఆనక తీరిగ్గా ఐపీ వేసిన ఘనుల పుణ్యమిది.

సింగ్‌నగర్‌లో నాది చీరల దుకాణం. 2024 ఆగస్టులో దసరా కోసమని వన్‌టౌన్ టోకు వ్యాపారుల దగ్గర అరువుకు సరకు దింపాను. కొంత ప్రోనోట్ల మీద తెచ్చాను. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా పేటను ముంచింది. మిగతాది ఊరందరికీ తెలిసిందే.

ఒక ఆడిటరు గారు సలహాకు ఫీజు పుచ్చుకుని మరీ ‘2016 నాటి కొత్త దివాలా చట్టం ఉంది కదా, ట్రిబ్యునల్‌కు వెళ్లండి’ అన్నారు. ఆ చట్టంలో వ్యక్తులకు సంబంధించిన భాగం, కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారికి తప్ప మిగతావారికి అమల్లోకే రాలేదు. నాలాంటి చిల్లర వ్యాపారికి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. వెళ్లవలసింది సివిల్ కోర్టుకు. తీర్చలేని అప్పు 500 రూపాయలున్నా పిటిషన్ వేయవచ్చని అందులో ఉంది. ఇవాళ ఆ డబ్బుకు మా దుకాణంలో ఓ మాదిరి చీర కూడా రాదు.

పిటిషన్ రాయడం తేలికే. అప్పులవాళ్ల పేర్లు, చిరునామాలు, బాకీలు ఒక షెడ్యూలు. నా ఆస్తులు, వాటి విలువ మరొకటి. ఆస్తినంతా కోర్టు చేతిలో పెడతానని ఒప్పుకోలు. నేను ఒక్క పేరూ దాచలేదు. మేనమామ అలిగినా ఆయన బాకీ చేర్చాను. ఆ మాట ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను. నోటీసులు, పేపరు ప్రకటన వాటంతట అవే జరిగిపోయాయి.

నా ప్రాణం తీసింది సాక్షి బోను. పిటిషన్ స్వీకరించాక లెక్కల పుస్తకాలు కోర్టులో చూపించాలి. నా ఖాతా పుస్తకం వరదలో నానింది. ఎన్నాళ్లు ఎండబెట్టినా అంటుకున్న పేజీలు విడలేదు, బురద వాసన పోలేదు. నాకు అప్పిచ్చిన వడ్డీ వ్యాపారి తరఫు ప్లీడరు దాన్ని పాలిథిన్ కవరులోంచి రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎత్తి, ‘ఇదేనా మీ లెక్క?’ అన్నారు. తడిసిన చీరలు ఏం చేశారని అడిగారు. రోడ్డు పక్కన గుట్ట పోసి అమ్మానన్నాను. ‘ఎంతకు?’ ఎంతిస్తే అంతకు. ‘ఎవరికి?’ దారిన పోయేవాళ్లకు. ‘వాళ్ల పేర్లు చెప్పండి.’ హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పై అరల్లో సరకు తడవలేదు కదా, నూజివీడులో మీ అత్తగారింటికి చేరవేశారు కదా అని ఇంకో ప్రశ్న. నీళ్లు పై అరకూ వచ్చాయంటే, ఎంత ఎత్తో చూపించమన్నారు. చెయ్యి తల మీదికి ఎత్తి చూపించాను. దించమని ఆయన అనలేదు. అలాగే కాగితాలు తిరగేస్తూ ఉన్నారు.

తర్వాత, ‘మీ ఆవిడ మెడలో ఉన్నది ఆస్తుల జాబితాలో ఎందుకు లేదు?’ ఆమె వెనక బెంచీలోనే కూర్చుని ఉంది. మంగళసూత్రం, వంటపాత్రలు, కట్టుబట్టలు జప్తుకు రావని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. అంత పెద్ద ప్లీడరుకు ఆ సంగతి తెలియదా? తెలిసే అడిగారు. మా ప్లీడరు లేచేలోపే మా ఆవిడ కొంగు మెడ చుట్టూ లాక్కుంది. నన్ను ‘తమ్ముడూ’ అంటూనే నూటికి మూడు రూపాయల వడ్డీ గుంజిన ఆ పెద్దమనిషి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

దాచినవాణ్ని నిలదీయాలి, కాదనను. రెండేళ్ల లోపు ఊరికే మనవాళ్ల పేర రాసిన ఆస్తి బదిలీని కోర్టు రద్దు చేయగలదు. దాచితే ఏడాది దాకా జైలు కూడా ఉంది. కానీ దాచనివాణ్ని అలా నిలబెట్టడం ఏ న్యాయం?

ఐపీ వేసిన మర్నాడే అప్పులు మాఫీ అని టీ కొట్టు దగ్గర చెప్పేవాళ్ల మాట నమ్మకండి. తాకట్టు పెట్టించుకున్నవాళ్ల హక్కు ఎక్కడికీ పోదు. మా బంగారం బ్యాంకు వేలం వేసుకుంది. చెక్కు బౌన్సు కేసు క్రిమినల్ కేసు కాబట్టి అదీ నడుస్తోంది. నాకు దక్కిందల్లా, మిగతా అప్పులవాళ్లు ఇక కోర్టు అనుమతి లేకుండా నా ఆస్తి మీదికి రాలేరు. అరెస్టు నుంచి రక్షణకు విడిగా దరఖాస్తు చేశాము.

అప్పుల నుంచి అసలు విముక్తి, కోర్టు ఇచ్చే డిశ్చార్జి (విడుదల) ఉత్తర్వుతోనే. నా ఆస్తి తాకట్టు లేని అప్పులో రూపాయికి అర్ధరూపాయి కూడా లేదు. అలాంటప్పుడు ఆ లోటుకు బాధ్యుణ్ని నేను కానని కోర్టును ఒప్పించాలి. అందుకే నీళ్లలో మునిగిన దుకాణం ఫొటోలు, ప్రభుత్వం నష్టం రాసుకున్న కాగితాలు పెట్టెలో భద్రం చేశాను. డిశ్చార్జికి దరఖాస్తు చేయవలసిన గడువు దివాలా ఉత్తర్వులోనే ఉంటుంది. అది దాటిస్తే ఆ ఉత్తర్వే రద్దయిపోతుంది. తేదీ మీరే రాసుకోండి, ప్లీడరు గుమాస్తాకు వదిలేయకండి. మా గుమాస్తాకు నేనివ్వాల్సిన పోస్టు ఖర్చులు తప్ప ఏ తేదీ గుర్తుండదు.