సెటిల్ గుట్ట ఎక్కని బొగ్గు బండి

బండి ఆగిపోయింది. ఇంజన్ పూర్తి జోరు మీదే ఉంది కానీ స్పీడు 12, 9, 5 అంటూ పడిపోయి సున్నాకు వచ్చింది. తెర మీద చుట్టూ ఇంగ్లండ్ ఉత్తరాది పచ్చిక కొండలు, రాళ్లు పేర్చిన గోడలు. వాటి మధ్య మన డబ్ల్యూఏజీ-9 కరెంటు ఇంజన్, వెనక 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల వరస, అంటే రేక్, నిండా బొగ్గు. నా వెనక మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్న చిన్నబాపు గ్లాసు పక్కన పెట్టాడు.

"ఈ బండి ఏడిది బిడ్డా? ఈ జాగ ఏడిది?"

చిన్నబాపు కాజీపేటలో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ అయి, డీజిల్ నేర్చుకుని, చివరికి కరెంటు ఇంజన్ల మీద గూడ్స్ డ్రైవర్‌గా రిటైరైన మనిషి. ఆయన అడిగితే వివరంగా చెప్పాల్సిందే.

ఒక చోటి బండిని ఇంకో చోటి పట్టాల మీద పెట్టి నడపడం నాకు చాలా ఏళ్లుగా ఇష్టమైన పని. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ అనే రైలు నడిపే కంప్యూటర్ ఆటతో పాటు ఆరు రూట్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఇంగ్లండ్‌లోని సెటిల్–కార్లైల్ లైను. ఇప్పుడు అదే రూటును ఉచితంగా దొరికే ఓపెన్ రైల్స్ అనే ఆటలో నడుపుతున్నాను. అసలు ఆట చేసినవాళ్లు కూడా నాలాంటి పనే చేశారు. ఆ రూటు మీద ప్రధాన ఇంజన్‌గా ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను పెట్టారు. 1923లో డాంకాస్టర్‌లో తయారైన ఆ ఆవిరి ఇంజన్ సొంత దారి లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లే తూర్పు తీరపు లైను. ఆ సంగతి తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. వాళ్లు ఆ ఇంజన్‌ను తెచ్చి పెట్టగా లేనిది, నేను కాజీపేట బండిని తెస్తే తప్పేంటి?

కెమెరాను నేల దాకా దించి చిన్నబాపుకు చక్రాలు చూపించాను. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, అక్కడి పట్టాలు 1435. అందుకే చక్రాలు రెండు పక్కలా పన్నెండేసి సెంటీమీటర్లు బయటికి జరిగి, పట్టా మీద కాకుండా గాలిలో తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. మన ఇంజన్ పేరులో మొదటి డబ్ల్యూకు అర్థమే వెడల్పు గేజు. ఏ అంటే ఏసీ కరెంటు, జీ అంటే గూడ్స్. అంటే ఆ పేరులో మూడింట రెండు అక్షరాలు ఆ కొండల్లో చెల్లవు. ఎందుకంటే సెటిల్ లైనుకు కరెంటు తీగ కూడా లేదు. ఓపెన్ రైల్స్ సెట్టింగుల్లో, తీగ లేని రూటు మీద కూడా కరెంటు ఇంజన్ నడిచేలా ఒక టిక్కు పెట్టుకోవచ్చు. అది పెడితే ఇంజన్ నెత్తిన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ లేచి ఉత్త ఆకాశానికి చెయ్యి చాపుతుంది, బండి కదులుతుంది. ప్యాసింజర్ బండి నడిపితే ఇంకో చిత్రం. మన బోగీ మూడుంపావు మీటర్ల వెడల్పు, ఇంగ్లండ్ బోగీలు అంతకంటే సన్నం. దాంతో మన బోగీ పక్క భాగం ప్లాట్‌ఫామ్ అంచులోంచి దూసుకుపోతుంది. ఆటలో రాయి పగలదు, రేకు చిరగదు.

"అయితే ఎందుకు ఆగింది?" అన్నాడు చిన్నబాపు.

సెటిల్ దాటాక పాతిక కిలోమీటర్ల దాకా నూటికి ఒకటి ఎక్కుడు. అంటే నూరు మీటర్లకు ఒక మీటరు. దానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు లాంగ్ డ్రాగ్. చిన్నబాపు కాగితం అడగలేదు, నోటిలెక్కే కట్టాడు. ఒక్కో నిండు వ్యాగన్ 81 టన్నులు, 58 అంటే దాదాపు 4,700. ఇంజన్ మరో 123. నూటికి ఒకటి ఎక్కుడులో బరువులో నూరో వంతు వెనక్కి గుంజుతుంది, అంటే 48 టన్నులు. ఈ ఇంజన్ ఎంత గట్టిగా గుంజినా 47 టన్నులకు మించదు. చక్రాల రాపిడి ఇంకా కలపనే లేదు.

"ఆట మంచిగనే చెప్తుంది బిడ్డా. ఎక్కకపోవుడే నిజం. ఈ రేక్ ఏ జాగ కోసం కట్టిన్రో జూసినవా ఎన్నడన్న?"

చూడలేదు. కాజీపేటలో పుట్టి పెరిగినా పెద్దపల్లి దాటి పగటి పూట ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లినప్పుడల్లా రాత్రి ఢిల్లీ బండ్లలో నిద్రపోయాను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే కాగజ్‌నగర్ వెళ్లే బండిలో, ఇంజన్ వెనకే ఉన్న జనరల్ బోగీ ఎక్కాం. ఇంజన్ చప్పుడు వినాలంటే అక్కడే కూర్చోవాలన్నది చిన్నబాపు పట్టుదల. కాజీపేటలో మూడు దారులు కలుస్తాయి: సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా. చివరిదే మా దారి. 1929లో కాజీపేట–బల్లార్షా ముక్క పూర్తయ్యాకే మద్రాసు, ఢిల్లీ ఈ దారిలో నేరుగా కలిశాయి. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది కూడా ఆ ఏడే.

హసన్‌పర్తి రోడ్డు దాటాక నేల చదునైంది. ఒక పక్క కోతకొచ్చిన వరి, ఇంకో పక్క పత్తి చేలలో తలకు తువ్వాలలు చుట్టుకున్న ఆడవాళ్లు. నా కళ్లు మాత్రం కరెంటు స్తంభాల మీదే ఉన్నాయి. ప్రతి స్తంభానికి ఒక పలక, దాని మీద పైన కిలోమీటరు అంకె, కింద ఆ కిలోమీటరులో స్తంభం వరస అంకె. ఆటలో ఇన్నేళ్లు తిరిగినా, దారి తన లెక్క తానే ఇలా చెప్పుకుంటుందని గమనించలేదు. గేట్ల ముందు సీటీ కొట్టమనే పసుపు బోర్డులు వస్తే, డ్రైవర్ కంటే ఒక క్షణం ముందే చిన్నబాపు బొటనవేలు మోకాలి మీద నొక్కుకునేది. వెంటనే ముందు హారన్ మోగేది.

జమ్మికుంట తర్వాత ఒకచోట ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఐదు వందల మీటర్ల బోర్డు పోయింది. ఇప్పుడు విను." ఇంకో బోర్డు, 250. ఆ తర్వాత ఇంజన్ ఊళ ఒక్కసారిగా తగ్గింది. చక్రాల చప్పుడు మాత్రం మిగిలింది. నాలుగు గుక్కలు తిప్పుకునేంత సేపు బండి తన ఊపుతోనే పోయింది. మళ్లీ ఊళ అందుకుంది. అది న్యూట్రల్ సెక్షన్. ఒక సబ్‌స్టేషన్ కరెంటు అయిపోయి ఇంకోదాని కరెంటు మొదలయ్యే మధ్య ముక్కలో తీగకు కరెంటు ఉండదు. డ్రైవర్ అక్కడ ఇంజన్ మెయిన్ స్విచ్ డీజే తెరిచి, దాటాక మళ్లీ మూయాలి. సెటిల్‌లో తీగే లేదు కాబట్టి ఈ నిశ్శబ్దమూ లేదు. ఆటలో నేను నడిపే ఇంజన్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఊపిరి బిగబట్టలేదన్నమాట.

పెద్దపల్లిలో కరీంనగర్, నిజామాబాద్ వైపు లైను విడిపోతుంది. అక్కడ రెండు చాయ్‌లు తాగాం.

రామగుండంలో బండి ఆగినప్పుడు చూశాను. పక్కన, బండ్లను మెయిన్ లైను నుంచి తప్పించి ఆపే లూప్ లైనులో బొగ్గు రేక్. మా బండి కదిలాక, అది వెనక్కి జారిపోతుంటే ఒక్కొక్క వ్యాగనూ లెక్కపెట్టాను. నల్లటి కుప్పలు, అంచుల మీద మసి, తలుపుల మీద సున్నంతో గీసిన అంకెలు. యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది, ఆ వెనక బ్రేక్‌వ్యాన్, దానికి చివరి బండి గుర్తు ఎల్‌వీ బోర్డు. ఆ తర్వాత కాస్త ఖాళీ పట్టా. దాని పక్కనే, రెండు లైన్ల మధ్య నేలలో పాతిన తెల్లటి ఫౌలింగ్ మార్కు.

"అగో, గా రాయి దాటొద్దు" అన్నాడు చిన్నబాపు. "దాటితే పక్క లైన్ల బండికి తగులుతది."

మన దగ్గర లూప్ లైను నిడివికి ఒక కొలత ఉంది, 686 మీటర్లు. ఇంజన్, 58 వ్యాగన్లు, బ్రేక్‌వ్యాన్ కలిపితే 650 మీటర్ల చిల్లర. సెటిల్ దగ్గర ఇదే రేక్‌ను పక్కకు తీయబోతే సగం వ్యాగన్లు మెయిన్ లైను మీదే ఉండిపోయాయి. నేను ఆ రూటు చేసినవాళ్లను తిట్టుకున్నాను. వాళ్ల తప్పేమీ లేదు. ఈ రేక్‌కూ ఈ లూప్‌కూ ఒకే కొలత తాడు పట్టారు. రామగుండంలో అది నిలబడ్డ తీరు చూస్తే, సొంత ఇంటి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. నాకు గొంతు పట్టేసినట్టయింది, ఎందుకో చిన్నబాపుతో చెప్పలేకపోయాను.

ఎన్టీపీసీ కరెంటు కేంద్రం పొగగొట్టాలు చాలాసేపు వెంట వచ్చాయి. ఆ కేంద్రానికి గనుల నుంచి బొగ్గు తెచ్చే సొంత పట్టాలు ఉన్నాయని, బండి గుండ్రంగా తిరుగుతూ నడుస్తుండగానే అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు దించుతుందని చిన్నబాపు చేతులతో చూపించాడు. మంచిర్యాల ముందు గోదావరి. వంతెన మీద పట్టాల మధ్య ఇంకో జత గార్డు పట్టాలు ఉంటాయని ఆటలో చూసి తెలుసు. చప్పుడు మాత్రం తెలియదు. ఆ మోత పాదాల్లోంచి ఎక్కుతుంది, దాన్ని ఏ స్పీకరూ ఇవ్వలేదు. మందమర్రి, బెల్లంపల్లి దాటాక అడవి దగ్గరికి జరిగింది. "ఆవిరి ఇంజన్ల కాలంల ఈడ పార ఆపితే బండి ఆగినట్టే" అన్నాడు ఆయన, టేకు చెట్ల వైపు చూస్తూ. అంతకుమించి చెప్పలేదు.

కాగజ్‌నగర్‌లో దిగి అన్నం తిని, పేపర్ మిల్లు వైపు కాసేపు నడిచి, మధ్యాహ్నం బండికి వెనక్కి వచ్చాం. ఊరి పేరులోనే కాగితం ఉంది. తిరుగు ప్రయాణంలో చిన్నబాపు నిద్రపోయాడు.

మర్నాడు సాయంత్రం ఆయనే కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. "అదే బండి వెట్టు. ఇంకో ఇంజన్ తగిలించు." రెండు డబ్ల్యూఏజీ-9లు కట్టాం. సిగ్నల్ కనబడగానే ఆయన గట్టిగా చదివేవాడు, అసిస్టెంట్ డ్రైవర్‌లా నేను తిరిగి అనాలి. నా జవాబు ఆలస్యమైతే మళ్లీ చదివేవాడు. బండి లాంగ్ డ్రాగ్ ఎక్కింది. 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన దాటింది. బ్లీ మూర్ సొరంగంలో దూరి వెలుతురులోకి వచ్చింది. ఆ లైనుకల్లా ఎత్తైన చోటు ఐస్ గిల్, 356 మీటర్లు. అక్కడి నుంచి దిగుడు మొదలైంది. నేను అలవాటుగా ఇంజన్ బ్రేకు, రీజెనరేషన్, పట్టాను. స్పీడు తగ్గుతోంది.

చిన్నబాపు తెరకు దగ్గరగా వంగి పాంటోగ్రాఫ్ వైపు వేలు చూపించాడు.

"మోటార్లు బ్రేకు వడితే కరెంటు పుడ్తది. మన దగ్గరైతే అది తీగలకు పోతది. ఈడ తీగ లేదు గద బిడ్డా, ఏడికి పోతుంది?"

రీజెనరేషన్ వదిలేసి, గాలి బ్రేకు కొద్దికొద్దిగా పట్టుకుంటూ దింపాను.