భయం పట్టుకున్నప్పుడు: ఏ వాక్యం, ఎలా, ఎంతసేపు

"ప్రార్థన చేసుకో, అంతా సర్దుకుంటుంది." భయంగా ఉందని నోరు తెరిచిన మనిషికి మన క్రైస్తవ సంఘాల్లో మొదట దొరికే జవాబు ఇదే. తప్పు జవాబేమీ కాదు గానీ సగమే. ఏ మాటలతో చేసుకోవాలి, ఎంతసేపు, చేసినా గుండె దడ తగ్గకపోతే ఏం చెయ్యాలి, ఇవేవీ ఎవరూ చెప్పరు. బియ్యం చేతిలో పెట్టి, ఎసరు ఎంత పొయ్యాలో చెప్పకుండా వెళ్లిపోయినట్టు ఉంటుంది.

బైబిల్లో 56వ కీర్తనతో మొదలుపెడదాం. ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకున్నప్పుడు రాసినదని పైన శీర్షికలోనే ఉంది. గాతు అంటే దావీదు చంపిన యోధుడు గొల్యాతు ఊరు. ఆ ఊళ్లో దావీదు ఏం చేశాడో సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయం దాచకుండా చెబుతుంది: పిచ్చివాడిలా నటించాడు, తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీద ఉమ్మి కార్చుకున్నాడు. అంత భయపడ్డవాడి నోటినుంచి వచ్చిన మాట, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." దాని పక్క వచనంలోనే "నేను భయపడను" అంటాడు. ఒక వచనంలో భయం ఉంది, తర్వాతి వచనంలో లేదు. మధ్యలో జరిగిన పని ఒక్కటే, ఆశ్రయించడం. కాబట్టి "భయపడ్డానంటే నాకు విశ్వాసం లేనట్టే" అనే లెక్క బైబిల్లోది కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు ఎంత వేదనపడ్డాడో మార్కు 14 చెబుతుంది. ఆయన ఆ వేదనను దాచుకోలేదు, ముగ్గురు శిష్యులతో చెప్పుకుని, మెలకువగా ఉండమని అడిగాడు కూడా.

ఒక పక్క మాట. బైబిల్లో "భయపడకుము" సరిగ్గా 365 సార్లు ఉందని, రోజుకొకటి చొప్పున దేవుడు ఇచ్చాడని వాట్సాప్‌లో ఏటా తిరుగుతుంటుంది. బైబిల్లో ఏ మాట ఎక్కడుందో చూపే పదసూచిక ముందేసుకుని లెక్కపెడితే అంత రాదు. గుర్తున్న ఒక్క వచనం చాలు, 365 అక్కర్లేదు.

ఆ ఒక్కటీ ఎలా ఎంచుకోవాలి? పొట్టిగా ఉండాలి. భయం ముదిరినప్పుడు బుర్రలో చోటు తగ్గిపోతుంది. ఫోన్ నంబరే గుర్తురాదు, 91వ కీర్తన 16 వచనాలు ఎక్కడ గుర్తొస్తాయి? ఊపిరికి రెండు ముక్కలుగా విరిగే వాక్యమైతే మేలు. 23వ కీర్తన నాలుగో వచనంలో ఉన్న "నీవు నాకు తోడై యుందువు" అలాంటిది. ఆ కీర్తనను ఒకసారి నెమ్మదిగా చదివి చూడండి. మొదటి మూడు వచనాల్లో దేవుడు "ఆయన". పచ్చిక, నీళ్లు, నీతిమార్గం, అన్నీ బాగున్నంతసేపూ దావీదు దేవుడి గురించి చెబుతున్నాడు. గాఢాంధకారపు లోయలోకి దిగగానే "నీవు" అయిపోయింది. లోయలో దేవుడి గురించి మాట్లాడడం మానేసి నేరుగా దేవుడితోనే మాట్లాడాడు. భయంలో చేసే ప్రార్థనకు ఇదే వ్యాకరణం. "దేవుడు గొప్పవాడు, ఆయన చూసుకుంటాడు" అని మనకు మనం ఉపన్యాసం చెప్పుకోవడం కంటే "నువ్వున్నావు కదా, ఇక్కడే ఉండు" అనే నాలుగు మాటలు పనిచేస్తాయి. నీళ్లలో మునిగిపోతున్న పేతురుది మత్తయి 14లో మూడే మాటల ప్రార్థన: "ప్రభువా, నన్ను రక్షించుము." పొడుగు ప్రార్థన మొదలుపెట్టి ఉంటే "పరలోకమందున్న" దగ్గరే నోట్లోకి నీళ్లు పోయేవి.

గ్రాంథికం నోటికి అడ్డమొస్తే వాడుక భాషలోకి మార్చుకోండి, దోషం లేదు. కాకపోతే వారమంతా ఒకటే వాక్యం. రోజుకొకటి మారిస్తే ఏదీ నోటికి రాదు.

ఇప్పుడు ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చాలి, లోపల "నీవు నాకు". ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి, "తోడై యుందువు". నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాలకు ముప్పై. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకోవచ్చు. పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా జరిగితే గుండె వేగం తగ్గుతుంది, దేవుడు పెట్టిన ఒంటి ఏర్పాటే అది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు "గట్టిగా ఊపిరి తీసుకో" అన్న సలహా విని ఛాతీ నిండా, వేగంగా లాగడం. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు పడతాయి. దాన్ని చూసి "అయ్యో, ఇంకేదో అవుతోంది" అని భయం రెట్టింపవుతుంది. ఊపిరి చిన్నగా, మెత్తగా, వదిలేది పొడుగ్గా ఉండాలి. రెండో పొరపాటు, దీన్ని భయం వచ్చిన రోజునే మొదటిసారి వాడటం. ఈత రానివాడు వరదలో నేర్చుకోలేడు. పదిహేను రోజులపాటు మామూలు వేళల్లో, పొద్దున మంచం దిగకముందు, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడినప్పుడు, అలవాటు చెయ్యాలి.

ఉన్నట్టుండి ముంచుకొచ్చే గాభరా సాధారణంగా పది నిమిషాల్లోపే పైకెక్కి, తర్వాత దానంతట అదే దిగుతుంది. ఆ దిగేదాకా పట్టుకోవడానికి ఈ వాక్యం. అయితే ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు ఉంటే, ముఖ్యంగా షుగరు, బీపీ ఉన్నవాళ్లకు, "భయమేలే" అనుకుని ప్రార్థనలో కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ప్రార్థన చేసుకోండి.

రెండో సాధనం కాగితం. "దేనినిగూర్చియు చింతపడకుడి" అన్నంతవరకే పట్టుకుంటాం గానీ, ఫిలిప్పీ 4:6 అక్కడ ఆగదు. "ప్రతి విషయములోను" మీ విన్నపాలు తెలియజేయమంటుంది, కృతజ్ఞతతో. "ప్రభువా, నా ఉద్యోగం కాపాడు" అనేది విషయం కాదు, మబ్బు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారనే పుకారు వచ్చిందనుకోండి. రెండొందల పేజీల నోటుబుక్కులో ఎడమ పేజీన ఇలా రాయాలి: "శుక్రవారం మూడింటికి హెచ్‌ఆర్‌తో మీటింగ్. తీసేస్తారేమో. తీసేస్తే ఐదో తారీఖు ఇంటి లోను కిస్తీ. చేతిలో ఉన్నది మూడు నెలలకు సరిపోతుంది. పాప ఫీజు జూన్‌లో." కుడి పేజీన రెండే వరసలు, నేను చెయ్యగలిగింది, దేవుడి చేతిలో పెట్టేది. బయోడేటా సరిచేయడం, పాత మేనేజరుకు ఫోన్ చేయడం, బ్యాంకులో వాయిదా గురించి అడగడం నా వైపు. మీటింగ్‌లో వాళ్లేం నిర్ణయిస్తారో ఆయన వైపు. ఆయన వైపు రాసిన ప్రతిదానికీ ఒక్క వాక్యం ప్రార్థన, కింద ఆ రోజు జరిగిన ఒక మేలు, తారీఖుతో. ఇంత రాసేసరికి కొండలా ఉన్నది నాలుగు పనులుగా తేలుతుంది.

దీనికి పదిహేను నిమిషాలు చాలు, సాయంత్రం, బల్ల దగ్గర. మంచం మీద వద్దు, నిద్రకూ చింతకూ ఒకే చోటు అలవాటైతే పక్క ఎక్కగానే చింత లేస్తుంది. అర్ధరాత్రి మళ్లీ గుర్తొస్తే "రేపు ఏడింటికి పుస్తకంలో" అని వాయిదా వెయ్యండి. "ఏనాటి కీడు ఆనాటికి చాలును" అని యేసు చెప్పింది ఈ వాయిదా గురించే అని నా అభిప్రాయం.

అసలు కష్టమైనది మూడోది, నడవడం. యెహోషువ మూడో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దాటాల్సిన యొర్దాను నది గట్లు పొర్లి పారుతోంది. యాజకుల పాదాలు నీళ్ల అంచున తడిశాకే ప్రవాహం ఆగింది. ముందు ఆగితే తర్వాత దిగుతామని ఒడ్డున కూర్చుని ఉంటే ఇప్పటికీ కూర్చునే ఉండేవాళ్లు. భయం తగ్గాక వెళతాను అనుకునేవాళ్లకు భయం తగ్గకపోగా పెరుగుతుంది, ఎందుకంటే తప్పించుకున్న ప్రతిసారీ మెదడు "నిజంగానే ప్రమాదం ఉండింది, తప్పించుకున్నాం" అని రాసిపెట్టుకుంటుంది.

మెట్రోలో ఒకసారి ఊపిరాడనట్టయి, అప్పటినుంచి ఎక్కడం మానేసిన మనిషిని తీసుకోండి. మెట్లు ఇలా వెయ్యొచ్చు. మొదట అమీర్‌పేట స్టేషన్‌లో ప్లాట్‌ఫాం మీద పావుగంట నిలబడి, ఎక్కకుండా తిరిగి రావడం. తర్వాత ఆదివారం మధ్యాహ్నం, జనం లేనప్పుడు, మధురానగర్‌ దాకా ఒక్క స్టేషన్, పక్కన ఎవరైనా తోడు. అదే దూరం ఒంటరిగా. తర్వాత జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. తర్వాత హైటెక్ సిటీ. చివరికి సోమవారం పొద్దున తొమ్మిదింటికి, ఊపిరి సలపని జనంలో. ఒక్కో మెట్టూ రెండు మూడు సార్లు. ఎక్కేముందు భయానికి సున్నా నుంచి పదికి మార్కులు వేసుకుని, ఏడున్నది మూడో నాలుగో అయ్యేదాకా అదే మెట్టు మీద ఉండాలి. ఏడు దగ్గరున్నప్పుడు దిగిపోతే ఆ రోజు సాధన వృథానే కాదు, ఎదురు తిరుగుతుంది. దిగాల్సి వస్తే తర్వాతి రైలే ఎక్కడం మంచిది.

ఇక్కడ విశ్వాసులు మాత్రమే పడే గోతి ఒకటి ఉంది. ప్రార్థనే తాయెత్తు అయిపోతుంది. బ్యాగులో ప్రార్థన నూనె సీసా లేకపోతే కదలరు, వాక్యం తప్పు లేకుండా ఏడుసార్లు అనకపోతే రైలెక్కరు, మధ్యలో తడబడితే మొదటికి. చూడటానికి భక్తిలా ఉంటుంది, పనిచేసేది మాత్రం భయం కిందే. పరీక్ష సులువు: ఆ ప్రార్థన చేశాక మీరు ముందుకు అడుగేస్తున్నారా, అడుగు వెయ్యకుండా ఉండడానికి ఇంకో ప్రార్థన చేస్తున్నారా? అడగాల్సింది "ఈ భయం తీసెయ్యి" కంటే "ఈ రెండు స్టేషన్లూ నాతో నిలబడు" అని. మొదటిదానికి జవాబు వచ్చిందో లేదో ప్రతి నిమిషం లోపల తడుముకుంటూ ఉంటారు. రెండోదానికి ఆ అవసరం లేదు.

ఒళ్లు సంగతి మన ప్రసంగాల్లో తక్కువ వినిపిస్తుంది. రాజులు మొదటి గ్రంథం 19లో ఏలీయా ప్రవక్త, తనను చంపిస్తానన్న రాణి యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవదూత మందలించలేదు, వాక్యమూ చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు. తిన్నాక మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబులో. మనమేమో భయపడ్డ మనిషిని శుక్రవారం ఉపవాస కూడికకు, అటునుంచి రాత్రంతా జాగరణ ప్రార్థనకు పట్టుకెళతాం. నిద్ర తప్పితే భయం పెరుగుతుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు తిండి మానేస్తే షుగరు పడిపోయి వణుకు, చెమట, గుండె దడ వస్తాయి, అచ్చం భయం లాగే. దాన్ని దయ్యం పట్టిందని అనుకున్నా ఆశ్చర్యం లేదు. డాక్టరును అడగకుండా ఉపవాసం వద్దు. సాయంత్రం దాటాక ఇరానీ చాయ్ కూడా.

సంఘమే భయం పుట్టించే సందర్భాలూ ఉన్నాయి, మొహమాటం లేకుండా చెప్పాలి. చేతబడి, శాపం, పొరుగింటామె కన్ను అంటూ యూట్యూబ్‌లో రాత్రి పదకొండింటికి గంటసేపు వినేసి నిద్రపట్టలేదంటే ఎలా పడుతుంది? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డులో గద్దింపు వచనం వచ్చిందని ఏడాదంతా కుంగిపోయేవాళ్లున్నారు. బైబిలును కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టడమూ అంతే. అది వాక్యం చదవడం కాదు, చిలక జోస్యం. యోహాను మొదటి పత్రిక 4:18 భయం దండనతో కూడినదంటుంది, ప్రేమ దాన్ని వెళ్లగొడుతుందంటుంది. దండన భయం పెంచి కానుకలు వసూలు చేసే బోధ ఆ వచనానికి ఎటువైపు ఉందో చూసుకోండి.

భయాన్ని ఒక్క మనిషికైనా చెప్పాలి. ఎవరికంటే, విన్నది వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పేరుతో సహా పెట్టని మనిషికి.

కొన్నిటికి ఇవేవీ చాలవు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఇల్లు కదల్లేకపోయినా, క్షమాపణ లేని పాపం చేసేశానేమో అన్న ఆలోచన రోజుకు వందసార్లు గుచ్చుతూ అన్నిసార్లు ఒప్పుకోలు ప్రార్థన చేయిస్తున్నా, అది మానసిక వైద్యులు గుర్తుపట్టి నయం చేసే జబ్బు కావచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెబితే జనం నవ్వుతారని వెనకాడేవాళ్లు 14416కి ఫోన్ చెయ్యొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు, డబ్బులు పడవు, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. చావాలనిపిస్తుంటే రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే చెయ్యాలి. మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టా అని అడిగేవాళ్లకు పౌలు శిష్యుడు తిమోతిని చూపించండి. "పిరికితనముగల ఆత్మ నియ్యలేదు" అని పౌలు రాసింది అతనికే, కడుపు జబ్బుకూ తరచు వచ్చే బలహీనతలకూ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాసిందీ అతనికే. నయమైపోయిందని సంఘంలో సాక్ష్యం చెప్పిన ఉత్సాహంలో మాత్రలు ఒక్కసారిగా ఆపేసి మంచాన పడేవాళ్లుంటారు, ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగానే తగ్గించాలి.

ఇక పరామర్శకు వెళ్లేవాళ్లకు. రేపు ఆపరేషన్ ఉన్న మనిషి మంచం పక్కన "ధైర్యంగా ఉండు" అనకండి, ఆ మనిషి దగ్గర లేనిది అదే. "దేనికి ఎక్కువ భయంగా ఉంది?" అని అడిగి, చెప్పనివ్వండి. మత్తుమందు నుంచి లేవనేమో అంటారు, బిల్లు అంటారు, ఒక్కోసారి ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టానో అంటారు. 23వ కీర్తన ఆరు వచనాలు, నెమ్మదిగా చదివినా రెండు నిమిషాలు పట్టదు. చదివి, చెప్పిన భయం పేరు పెట్టి ఒక్క వాక్యం ప్రార్థన చేసి, పది నిమిషాలు ఊరికే కూర్చుని, తాళంచెవి సంగతి కనుక్కోవడానికి లేవండి.