రెండోసారి కూడా విన్నాడు

ఈ రోజు బుధవారం. ఇంట్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. గ్యాస్ బండ వచ్చింది, సాయంత్రం గంటసేపు కరెంటు పోయింది, అంతే. అయినా రాసుకోవాలనిపిస్తోంది, ఎందుకంటే పొద్దున ఐదున్నరకి కన్నీళ్లతో చదివిన వాక్యాన్ని ఎనిమిదింటికల్లా నేనే మర్చిపోయాను.

చదివింది బైబిల్లో మొదటి రాజులు గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత తరఫు 450 మంది ప్రవక్తల ఎదుట ఒక్కడే నిలబడిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకి ప్రాణభయంతో బెయేర్షెబా దాకా పారిపోయి, అక్కడ పనివాణ్ణి వదిలేసి, ఒంటరిగా అరణ్యంలో ఒక రోజు నడిచి, చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు. నిన్నటి విశ్వాసం ఏమైంది అని అడగలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తలదగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. మనం ఈ అధ్యాయం చెప్పేటప్పుడు హోరేబు కొండ దగ్గర వినబడిన నిమ్మళమైన స్వరం దగ్గరికి పరుగెత్తుతాం గానీ, ఆ స్వరం కంటే ముందు రెండు పూటల భోజనం ఉంది, దాని మీద ఎక్కువసేపు ఆగాలని నాకనిపిస్తుంది.

ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టించుకోనిది ఈ రోజు కంటపడింది. హోరేబులో దేవుడు "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు" అని అడిగితే, ఇశ్రాయేలువాళ్లు నీ నిబంధన విడిచారు, నీ ప్రవక్తల్ని చంపారు, నేనొక్కణ్ణే మిగిలాను, నన్ను కూడా చంపాలని చూస్తున్నారు అని చెప్తాడు. తర్వాత గాలి, భూకంపం, మెరుపు, నిమ్మళమైన స్వరం. అంతా అయ్యాక దేవుడు అదే ప్రశ్న మళ్లీ అడుగుతాడు. ఏలీయా జవాబు కూడా అదే. 10వ వచనం, 14వ వచనం పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే. ఇంత చూశాక కూడా ఆయన దగ్గర కొత్త మాట లేదు, పాత బాధే ఉంది. ఇందాకే చెప్పావుగా అని దేవుడు అనలేదు. రెండోసారి కూడా చివరిదాకా విన్నాడు. రెండు వచనాల కిందా ఎర్ర పెన్సిల్‌తో గీత గీశాను.

అమ్మకి 78 ఏళ్లు. రెండేళ్లుగా మతిమరుపు. పాత కీర్తనలు పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఒక్క మాట పోకుండా పాడుతుంది, పొద్దున టిఫిన్ తిన్నదీ లేనిదీ మాత్రం గుర్తుండదు. తమ్ముడు కువైట్‌లో ఉంటాడు, శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే తీరిగ్గా ఫోన్ చేస్తాడు. అమ్మకి రోజూ శుక్రవారమే.

"అమ్మాయ్, చిన్నోడు ఫోన్ చేశాడా?"

పాప కాలేజీ బస్సు టైమవుతోంది, ఒక పొయ్యి మీద దోసకాయ పప్పు, ఒక పొయ్యి మీద పాలు, ఈయన బాక్స్ ఇంకా సర్దలేదు. మొదటిసారి బాగానే చెప్పాను. మూడోసారి విసుక్కున్నాను. ఆరోసారో ఏడోసారో "ఎన్నిసార్లు చెప్పాలమ్మా, బుర్ర ఉందా అసలు!" అని అరిచాను. పాప చెప్పులు వేసుకుంటూ ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, కొంగు సర్దుకుని వెళ్లి మంచం మీద కూర్చుంది.

అందరూ వెళ్లాక గిన్నెలు తోముతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. నిర్గమకాండము 34:6లో యెహోవా తన గురించి తానే చెప్పుకున్న "దీర్ఘశాంతము" అన్న మాట ఉంది కదా, హెబ్రీలో దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే పొడవైన ముక్కు గలవాడు అని వస్తుందని ఒకసారి పాస్టరుగారు చెప్పారు. కోపం వస్తే ఊపిరి వేడెక్కుతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, అందుకే వాళ్ల భాషలో కోపానికి చోటు ముక్కే. మనమూ ముక్కు మీద కోపం అంటాం. నాది అదే, ఎప్పుడూ ముక్కు చివరే కూర్చుని ఉంటుంది. ఆయనకైతే కోపం అక్కడిదాకా రావడానికి చాలా దూరం.

ఇంకో మాట కూడా రాసుకోవాలి. మన సంఘాల్లో ఓర్పు గురించి చెప్పేది ఎక్కువగా దెబ్బలు తినేవాళ్లకే. కోడలికి ఓర్చుకో, భార్యకి ఓర్చుకో. ఆ వచనంలో దీర్ఘశాంతుడు అని చెప్పింది మాత్రం శిక్షించే అధికారం పూర్తిగా చేతిలో ఉన్నవాడి గురించి. మా ఇంట్లో అమ్మ ముందు బలం నాది. తిండి పెట్టేది నేను, మందులిచ్చేది నేను, గొంతు పెద్దది నాది. ఓర్చుకోవలసింది నేను. అలాగని దేవుడు ఏలీయా మాటల్ని సరిదిద్దకుండానూ వదల్లేదు, నువ్వొక్కడివే కాదు, ఏడు వేలమంది ఉన్నారన్నాడు. కానీ ఆ మాట ఎక్కడ వస్తుందో చూడండి. తిండి పెట్టాక, నిద్రపోనిచ్చాక, రెండుసార్లు విన్నాక, చెయ్యవలసిన పని అప్పగించి, తోడుగా, ఆయన తర్వాత ప్రవక్త కావలసిన ఎలీషా పేరు చెప్పాక.

మధ్యాహ్నం అన్నం పెడుతూ, "పొద్దున అరిచానమ్మా, తప్పయిపోయింది" అన్నాను.

"ఎప్పుడే? ఎవరి మీద?" అంది.

నిజంగానే గుర్తులేదు. తేలికపడతాననుకున్నాను, ఇంకా బరువనిపించింది. తను మర్చిపోయిన మాట నేను మర్చిపోలేదు, పాప మర్చిపోలేదు, ఆ గదిలోనే ఉన్న ప్రభువూ విన్నాడు. వంటగదిలో నిలబడే ఆయనకి చెప్పుకున్నాను. పాప కాలేజీ నుంచి వచ్చాక దానికీ చెప్పాను. "పర్లేదు మమ్మీ" అంది గానీ అమ్మమ్మ పక్కన చాలాసేపు కూర్చుంది.

రాత్రి ప్రార్థన అయ్యాక దోమతెర దించుతుంటే మళ్లీ అడిగింది.

"చిన్నోడు ఫోన్ చేశాడా?"

మంచం అంచున కూర్చున్నాను. శుక్రవారం చేస్తాడమ్మా, ఇంకా రెండు రోజులుంది అన్నాను. మామూలుగా అయితే అక్కడితో లేచి వెళ్లిపోతాను. ఈసారి లేవలేదు. కాసేపటికి, "అక్కడ వాడికి ఎవరు వండిపెడతారే" అంది.

రెండేళ్లుగా ఆ ప్రశ్న వింటున్నాను, ఈ మాట ఎప్పుడూ వినలేదు.

టైము పదీ ఇరవై, అక్కడ ఎనిమిది కావస్తుంది. తమ్ముడికి వీడియో కాల్ చేశాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడట, ఇంకా యూనిఫాంలోనే ఉన్నాడు. అమ్మ తిన్నావా నాయనా అని అడిగింది, వాడు తిన్నానమ్మా, పప్పన్నం అన్నాడు. మళ్లీ అడిగింది. తిన్నానమ్మా, పప్పన్నం. నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ అదే గొంతుతో చెప్పాడు.