ఆదాయం లేని ఏడాదికీ ఒక ఫారం: అమెరికాలో నా మొదటి పన్ను రిటర్ను

2023 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ చేరినప్పుడు, ఒక్క డాలరు కూడా సంపాదించని విద్యార్థికి పన్నుల శాఖతో పని పడుతుందని నేను అనుకోలేదు. ఆ డిసెంబరు దాకా నాకు ఉద్యోగం లేదు, చదువు కోసం తీసుకున్న బ్యాంకు రుణంతోనే గడిచింది. అయినా ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు 8843 అనే ఫారం నింపి మరుసటి ఏడాది జూన్ 15లోగా పంపాలని మా సీనియర్ అక్క చెబితే ఆశ్చర్యపోయాను. అది పన్ను కట్టే కాగితం కాదు. తాను విద్యార్థిగా ఉన్నందువల్ల ఇక్కడ గడిపిన రోజులను నివాసపు లెక్కలో కలపకూడదని తెలిపే వివరణ మాత్రమే.

అసలు కీలకమంతా ఆ నివాసపు లెక్కలోనే ఉంది. ఎఫ్-1 విద్యార్థిని పన్ను చట్టం సాధారణంగా మొదటి 5 క్యాలెండరు సంవత్సరాలు నాన్‌రెసిడెంటుగానే, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసి కాని వ్యక్తిగానే చూస్తుంది. ఆగస్టులో దిగినా 2023 నాకు పూర్తి ఏడాదిగా లెక్కకు వచ్చింది కాబట్టి, ఆ గడువు 2027తో ముగుస్తుంది.

2024 జనవరిలో లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. సెమిస్టరు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదన్నది నియమం. ఆ ఉద్యోగపు ఉత్తరం చూపించాకే, ఇక్కడ పనిచేసేవారికి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. ఏడాది మొత్తం మీద సుమారు 7,800 డాలర్లు సంపాదిస్తే, అందులో 700 డాలర్లకు పైగా పన్ను కింద పట్టుకున్నట్టు 2025 జనవరి చివర్లో అందిన డబ్ల్యూ-2 అనే జీతం, పన్ను వివరాల కాగితంలో కనిపించింది. ఊళ్లో నాన్న నెలనెలా కడుతున్న వడ్డీ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నాతో ఉండే ఇద్దరు అప్పటికే ఉచిత వెబ్‌సైటులో మామూలు 1040 ఫారం వేసి, చదువు ఖర్చులకిచ్చే పన్ను రాయితీ కూడా కోరారు. అది రెసిడెంట్లు వేసే ఫారం, ఆ రాయితీ నాన్‌రెసిడెంట్లకు వర్తించదు. అక్కకు ఫోను చేస్తే, "వాళ్లకు ఎక్కువ వస్తుందని నువ్వూ అదే వేయకు తమ్ముడూ. రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తులో పాత రిటర్నులు చూస్తే ఏం చెప్తావు? నాన్‌రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ తీసి మన ఒప్పందం చదువు," అంది.

ఆమె చెప్పిన ఒప్పందం భారత్, అమెరికా 1989లో సంతకం చేసుకున్న పన్నుల ఒప్పందం. సాధారణంగా నాన్‌రెసిడెంటుకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను వేసేముందు ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం, ఉండదు. కానీ ఆ ఒప్పందంలోని 21వ అధికరణం రెండో క్లాజు భారతీయ విద్యార్థులకు దాన్ని ఇచ్చింది. 2024కు ఒంటరి వ్యక్తికి ఆ మొత్తం 14,600 డాలర్లు, అంటే నా సంపాదన అంతా దాని లోపలే ఇమిడిపోయింది. నా క్లాసులోని చైనా మిత్రుడికి వాళ్ల దేశపు ఒప్పందం ప్రకారం 5,000 డాలర్ల జీతం వరకే మినహాయింపు అని విన్నప్పుడు, ఎప్పుడో ఢిల్లీలో కుదిరిన ఒక మాట మా నాన్నకు ఎంత భారం తగ్గించిందో అర్థమైంది. ఈ సంగతి తెలియక మన పిల్లలు ఎందరు డబ్బు వదులుకుంటున్నారో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫారంలో డిడక్షన్ గడి పక్కన, భారత–అమెరికా ఒప్పందం కింద అనుమతించినదని ఆంగ్లంలో ఒక వాక్యం రాయాలి. అది రాసి, డబ్ల్యూ-2నూ 8843నూ జతచేసి, సిరాతో సంతకం పెట్టాను. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి రెండో రిటర్ను పని తప్పింది. గడువు ఏప్రిల్ 15 అయినా మార్చిలోనే కవరు మీద పన్నుల శాఖ ఆస్టిన్ చిరునామా రాశాను. పోస్టాఫీసుకు వెళ్లబోతుంటే, మేము అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఆపి, స్టాంపులు అంటించి మన పెట్టెలోనే ఉంచి దాని పక్కనున్న ఎర్ర జెండా పైకెత్తితే ఉత్తరాలు తెచ్చే మనిషే తీసుకెళ్తాడని చెప్పారు. ఇంటికి వచ్చే ఉత్తరాల పెట్టెలోంచే ఉత్తరం బయలుదేరుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. జెండా ఎత్తి, సాయంత్రం వచ్చి చూస్తే అది దించి ఉంది, పెట్టె ఖాళీగా ఉంది.

మే నెలాఖరులో పట్టుకున్న పన్నంతా ఖాతాలో జమైంది. ఆ మధ్యాహ్నమే దాన్ని నాన్నకు పంపాను.