క్రెడిట్ రిపోర్టును మొదటి పేజీ నుంచి చదివినప్పుడు

కూకట్‌పల్లిలో ఫ్లాటు కొనడానికి గృహరుణం అడిగినప్పుడు బ్యాంకు అధికారి నా క్రెడిట్ స్కోరు మాత్రమే చెప్పి ఊరుకున్నారు. ఆ రాత్రే నా అప్పుల, చెల్లింపుల చరిత్ర అంతా ఉండే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని పూర్తిగా చదివాను. 300 నుంచి 900 వరకు ఉండే ఆ అంకె వెనుక ఎంత సమాచారం ఉందో అప్పుడే తెలిసింది.

పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరుతో పాటు, నేను ఎన్నడో ఖాళీ చేసిన దిల్‌సుఖ్‌నగర్ అద్దె ఇంటి చిరునామా కూడా అందులో ఉంది. అసలు విషయమంతా ఖాతాల భాగంలోనే ఉంటుంది: ప్రతి అప్పుకూ, ప్రతి కార్డుకూ మంజూరైన మొత్తం, మిగిలిన బాకీ, తెరిచిన తేదీ, వాటి కింద 36 నెలల వరకు చెల్లింపుల చరిత్ర గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి. గడిలో 000 ఉంటే బాకీ ఏమీ గడువు దాటలేదని, 030 ఉంటే 30 రోజులు దాటిందని అర్థం. నా బైకు లోను వరుసలో ఒకే ఒక్క 030 కనిపించింది. అది అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెల. కొంత తగ్గించి కట్టి ముగించిన అప్పు ‘సెటిల్డ్’ అని, అంటే పూర్తిగా తీర్చలేదని, నమోదవుతుంది కనుక, అలాంటి రాజీకి ఒప్పుకునే ముందు బాగా ఆలోచించాలి.

మన రిపోర్టు కోసం ఎవరెవరు ఎంక్వయిరీ చేశారో కూడా ఉంటుంది. పొదుపు ఖాతాలోని నిల్వ, డిపాజిట్లు మాత్రం ఉండవు.

నేను మూసేసిన కార్డు ఒకటి ఇంకా తెరిచి ఉన్నట్టే చూపించింది. వెంటనే ఫిర్యాదు పెట్టాను. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇస్తాయి.